కళ్ళెం బిడ్డ చేతిలో

దగ్గరికి జరగండి పిల్లలూ, ఆ చివరివాళ్ళకు కూడా వినబడాలి. స్వామిని ఒక్కసారి తలుచుకోండి, మొదలుపెడతాను.

అనగనగా కలువకొండ అనే రాజ్యం. దానికి రత్నాంగదుడనే రాజు. మంచివాడు, దేవుడంటే భక్తి ఉన్నవాడు. కానీ ఒక్కటే అలవాటు. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి, ఎలా చెయ్యాలో చెప్పకుండా ఉండలేడు. వంటవాడికి ఉప్పెంత వెయ్యాలో చెప్పేవాడు. మావటివాడికి ఏనుగును ఎటు తిప్పాలో చెప్పేవాడు. ఆఖరికి పూజారికి గంట ఎంతసేపు వాయించాలో కూడా ఆయనే చెప్పేవాడు. మా రాజుగారి గొంతు ఏడు సముద్రాల అవతలికీ వినబడుతుందని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ రాజుకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయధ్వజుడు, రెండోవాడు మకరధ్వజుడు, మూడోది ఎనిమిదేళ్ళ మందారిక.

ఒకనాడు రాణి హేమవల్లి తోటలో కూర్చుని స్వామికి మాల కడుతోంది. ధూమకేశుడనే మాంత్రికుడు పొగలా దిగాడు, రాణిని ఎత్తుకుని ఏడు సముద్రాల అవతలికి పోయాడు.

"నన్ను పెళ్ళాడతావా, రాయివై పడి ఉంటావా?" అన్నాడు.

"రాయిలో కూడా దేవుడుంటాడు. నీలో లేడు. రాయినే అవుతాను," అంది రాణి.

ఇక్కడ రాజు అన్నం మానేసి సముద్రపొడ్డున కూర్చుని దేవుణ్ణి ప్రార్థించాడు. పౌర్ణమినాడు, తెల్లవారుతుండగా, అలల నురుగులోంచి ఒక గుర్రం లేచి వచ్చింది. ఒళ్ళంతా నురుగు తెలుపు, కళ్ళు మాత్రం సముద్రం నీలం.

"రాజా, రాణి మోకాళ్ళదాకా రాయైపోయింది. వచ్చే పౌర్ణమికి నడుందాకా అవుతుంది. ఆపై పౌర్ణమినాడు పొద్దు గుంకేలోగా విడిపించకపోతే నిలువునా రాయే. ఈ మూడు పౌర్ణములూ నేను వస్తాను," అంది గుర్రం.

"పద, ఎక్కుతాను!" అన్నాడు రాజు.

"ఆగు. నా మీద తండ్రీ బిడ్డా కలిసి ఎక్కాలి. బిడ్డ ముందు, తండ్రి వెనక. కళ్ళెం బిడ్డ చేతిలో. తల్లి ఉన్న దిక్కు బిడ్డ గుండెకే తెలుస్తుంది. వెనకున్న పెద్దవాళ్ళు దారి చెప్పారా, ఆ క్షణమే మళ్ళీ ఈ ఒడ్డున ఉంటాను. ఇంకో మాట. ధూమకేశుడి ప్రాణం వాడి ఒంట్లో లేదు, ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఎక్కడుందో నాకూ తెలీదు."

"ఓస్, మాట్లాడకుండా కూర్చోవడమేగా!" అన్నాడు రాజు.

జయధ్వజుడు ముందు, రాజు వెనక. గుర్రం అలల మీద కాలు పెట్టింది. నేలమీద నడిచినట్టే నడిచింది. ఉప్పు సముద్రం దాటింది. చెరకురసం సముద్రం వచ్చింది. తియ్యటి గాలి వీస్తోంది, తేనెటీగలు మబ్బుల్లా పోతున్నాయి. అంతలో ఎడమవైపునుంచి కొండంత అల లేచింది.

"ఒరేయ్, కుడికి లాగరా!" అన్నాడు రాజు.

అంతే. కళ్ళు మూసి తెరిచేసరికి కలువకొండ ఒడ్డు.

రెండో పౌర్ణమి వచ్చింది. రాణి నడుందాకా రాయైంది. ఈసారి మకరధ్వజుడు ముందు కూర్చున్నాడు. రాజు తన ఉత్తరీయం తీసి తన నోటికే గట్టిగా కట్టుకున్నాడు. ఉప్పు సముద్రం దాటారు, చెరకు సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నెయ్యి సముద్రం కమ్మగా దాటారు. పెరుగు సముద్రంలో గుర్రం డెక్కలు కూరుకుపోతున్నాయి. నోరైతే కట్టుకున్నాడు గానీ, చెయ్యి ఊరుకుంటుందా? కొడుకు కుడిభుజం మీద టకటకా తట్టాడు.

కళ్ళు మూసి తెరిచేసరికి కలువకొండ ఒడ్డు.

"నాన్నగారూ, నోరు కట్టారు సరే, చేతులెవరు కడతారు?" అన్నాడు మకరధ్వజుడు. రాజు ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడో పౌర్ణమి రానే వచ్చింది. మందారిక గుర్రమెక్కి కూర్చుని, "రా నాన్నా," అంది.

"తల్లీ, నావల్ల కాదే. ఈసారి తప్పితే మీ అమ్మ ఇక లేదు."

"నీ రెండు చేతులూ నా నడుం చుట్టూ వెయ్యి. నేను పడకుండా పట్టుకో. అదే నీ పని. నోరు ఊరుకోకపోతే లోపల దేవుడి పేరు చెప్పుకో."

రాజు అలాగే పట్టుకున్నాడు. ఉప్పు, చెరకు, కల్లు, నెయ్యి, పెరుగు, అయిదు సముద్రాలూ దాటారు. పాలసముద్రం వచ్చింది. గుర్రం డెక్కల కింద మీగడ మడతలు పడుతోంది. పైన మబ్బు తెలుపు, కింద పాల తెలుపు, ఏది ఆకాశమో ఏది సముద్రమో తెలియదు. నిద్రలో నడుస్తున్నట్టుంది. కుడివైపున బంగారు మేడలతో ఒక దీవి మెరిసింది. మందారిక మాత్రం మంచు కమ్మిన ఎడమవైపుకు పోతోంది. రాజుకు అది తప్పు దారనిపించింది. రామ రామ రామ, లోపలే అనుకుంటున్నాడు.

అంతలో గట్టిగా వినబడింది, "మందారికా! తప్పు దారే తల్లీ! కుడికి తిప్పు!"

రాజు గుర్తుపట్టాడు. అది తన గొంతే! కానీ తను పెదవి కదపలేదు. "నేను కాదు తల్లీ, వినకు" అని చెబుదామంటే, అదీ దారి చెప్పడమే అవుతుంది. బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు గానీ, నోరు మాత్రం విప్పలేదు.

మందారిక కిలకిలా నవ్వింది. "విన్నావా నాన్నా? గొంతు నీదే, నువ్వు మాత్రం కాదు. నువ్వయితే గుర్రం ఈపాటికి మనింటి ఒడ్డున ఉండేది! మనిషి గొంతు ఇంత బాగా పలికేది ఎవరు? చిలక!"

గొంతు వచ్చినవైపుకే కళ్ళెం తిప్పింది. మంచులో ఒక నల్లరాయి, దాని మీద పచ్చని చిలక. ఇంకోసారి "కుడికి తిప్పు" అనబోతుంటే మందారిక ఒడిసి పట్టుకుంది. అటు బంగారు దీవి నోరు మూసి, బుడుంగున మునిగిపోయింది. అది దీవి కాదు, నోరు తెరిచిన తిమింగలం!

చిలకను చంకన పెట్టుకుని మంచినీళ్ళ సముద్రం కూడా దాటారు. ధూమకేశుడు రొప్పుతూ ఎదురొచ్చాడు.

"పాపా, బంగారు పాపా, ఆ చిలకనిచ్చెయ్. ముత్యాల బొమ్మలిస్తాను."

"ముందు మా అమ్మ," అంది మందారిక.

పొద్దు నీళ్ళను తాకుతోంది. రాణి అప్పటికే గొంతుదాకా రాయి. మాంత్రికుడు గబగబా మంత్రం చదివాడు. రాయి మంచులా కరిగింది. రాణి బిడ్డను ఒళ్ళోకి లాక్కుని, "ఎండలో తిరిగి ఎంత నల్లబడ్డావే!" అంది మొట్టమొదటి మాటగా.

ముగ్గురూ గుర్రమెక్కారు. ముందు మందారిక, నడుమ రాజు, వెనక రాణి. పాపం, గుర్రం సంగతి రాణికి తెలీదు కదా!

"ఏమండీ, పసిదాని చేతికి కళ్ళెమిచ్చి ఊరుకున్నారేమిటి? అమ్మడూ, అలొస్తోందే, ఎడమకు తిప్పు!"

కళ్ళు మూసి తెరిచేసరికి కలువకొండ ఒడ్డు! కొడుకులిద్దరూ పరుగెత్తుకొచ్చి తల్లి కాళ్ళకు చుట్టుకున్నారు.

"అదేమిటండీ, ఇంత దగ్గరా?" అంది రాణి.

నెలల తరబడి ఏడ్చిన రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. గుర్రం కూడా సకిలించి, ఒక్కసారి తల వంచి, నురుగులో కలిసిపోయింది.

చిలకను మందారిక చంపలేదు. ధూమకేశుడు మంత్రాలన్నీ వదిలేసి, వెనకే ఈదుకుంటూ వచ్చి, ఆ చిలకకు జామపళ్ళు కోసిపెట్టే తోటమాలి అయ్యాడు. మందారిక పెద్దదై, మంచి మనసున్న రాకుమారుణ్ణి పెళ్ళాడి, అన్నల దీవెనతో కలువకొండను నూరేళ్ళు ఏలింది. పట్టాభిషేకం నాడు మంత్రి అడిగాడు, "మహారాజా, కొత్త రాణిగారికి ఏం చెబుతారు?"

రత్నాంగదుడు కూతురి తలమీద చెయ్యి వేసి నిమిరాడు, అంతే.

వాళ్ళను కాచిన దేవుడే మిమ్మల్నీ కాచుగాక. కథ ఒడ్డు చేరింది, ఇక మీరు అమ్మ ఒడి చేరండి.