సింహం దర్బారు, కొంగ పీఠం

ఆ అడవిలో దొంగతనాలు, కొట్లాటలు సింహం దర్బారుకు వచ్చేవి. పక్షుల పెళ్లి తగవులు మాత్రం కొంగ పీఠానికి పోయేవి. పట్టాభిషేకం నాడు సింహమే పక్షులకు అలా మాటిచ్చింది. అందరి మొగుడూ పెళ్లాల గొడవ నెత్తికెత్తుకోవడం ఎందుకులే అనుకుంది, పాపం.

ఓనాడు మాణిక్యం అనే గోరింక ఏడుస్తూ దర్బారులో వాలింది.

"మారాజా, మా ఆయన భద్రుడు ఇంకోదాన్ని తెచ్చుకుని నన్నూ పిల్లల్నీ గెంటేశాడు. తొలకరి ముంచుకొస్తోంది. మొగుడు పెళ్లినాటి పుల్లని గూట్లోంచి పీకి పారేస్తేగాని నేను వేరే గూడు కట్టకూడదు, అది మా ఆచారం. పీకితే తన గూడు కూలుతుందని పీకడు."

"పుల్ల సంగతి పీఠంలో తేల్చుకో తల్లీ. పెళ్లాం బిడ్డలకు మేత తేవడం మాత్రం నా చట్టం," అని సింహం భద్రుణ్ణి పిలిపించింది.

భద్రుడికి సలహాలివ్వడానికి వెంట వచ్చిన నక్క అతని చెవిలో ఏదో ఊదింది.

"ఇది నా పెళ్లామే కాదు ప్రభూ! ఎప్పుడో వదిలేశాను," అన్నాడు భద్రుడు.

సింహం మురిసిపోయింది. "విన్నావా మాణిక్యం? మేత పోతే పోయింది, నోరుజారి నిన్ను విడిపించాడు. పద, పీఠంలో చెబుదాం!"

పీఠంలో కొంగ ఒంటికాలి మీద జపంలో ఉంది.

"వదిలేశావా భద్రుడా?" అని అడిగింది కొంగ.

"అపచారం స్వామీ! ఆవిడ నా ధర్మపత్ని. పుల్ల గూట్లోనే ఉంది, చూసుకోండి."

"పుల్ల ఉంటే పెళ్లి ఉన్నట్టే," అంది కొంగ.

"ఇందాక నా ముందు కాదన్నాడు!" గర్జించింది సింహం.

"దర్బారు మాట పీఠంలో చెల్లదు ప్రభూ. తమరిచ్చిన మాటే కదా."

మాట తప్పితే పక్షులన్నీ తిరగబడతాయని భయపడి సింహం వెనుదిరిగింది. మాణిక్యం రెంటికీ చెడ్డ రేవడి అయింది. నక్క తోకాడించుకుంటూ వెళ్లిపోయింది.

తొలకరి కురిసింది. సింహానికి కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే, మాణిక్యం పిల్లలతో తలదాచుకున్న ముళ్లపొద దగ్గరికి పరిగెత్తింది. రెక్కలు చాచుకుని కూర్చుంది మాణిక్యం. ఆ రెక్కల కింద తడిమట్టే తప్ప పిల్లలు లేరు.

"నా మాట వెనక్కి తీసుకుంటానమ్మా. ఎవరేమన్నా సరే, నువ్వు గూడు కట్టుకో."

"ఎవరి కోసం కట్టను మారాజా?" అంది మాణిక్యం.



తీర్పు చెప్పే గడపలు రెండైతే తప్పించుకునేవాడికి రెండూ తెరుచుకుంటాయి, దిక్కులేనిదానికి రెండూ మూసుకుంటాయి.