నడి ఏట్లో ఆగిన గుండెల్ పడవ

చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ ముత్తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, జర్మన్ల దేశంలో ఒక ఏరు ఉండేది. ఏటికి ఒక పక్క కొండ. కొండ నిండా ద్రాక్షతోటలు. రెండో పక్క పల్లం. పల్లంలో నీటి ఉరవడికి తిరిగే పిండిమర. కొండ కింది వాళ్ళు ద్రాక్ష ఒడ్డు వాళ్ళు. పల్లం వాళ్ళు మర ఒడ్డు వాళ్ళు. ఇప్పుడంటే రెండూ కలిసి మిట్టెన్‌వెర్డ్ అని ఒకే ఊరు. అప్పుడు మాత్రం ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఎందుకయ్యా అంటే ఎవరికీ తెలీదు. పంది ఒకటి ఈదుకుంటూ అవతలికి పోయిందని కొందరు, చేపల వల తెంచారని కొందరు, పెళ్ళి విందులో ఎవరినో తలుపు పక్కన కూర్చోబెట్టారని ఇంకొందరు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవారు. కోపం మాత్రం అందరిదీ ఒకటే.

ఆ రెండు ఒడ్లకీ ఒకటే పడవ. ఏటికి అడ్డంగా మోకు కట్టి ఉండేది. ఆ మోకు పట్టుకుని లాగుతూ పడవ నడిపేది గుండెల్.

గుండెల్ పుట్టింది ద్రాక్ష ఒడ్డున. మనువాడింది మర ఒడ్డు పడవవాణ్ణి. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఏరు మొగుణ్ణి మింగేసింది. అత్తవారు, "మీ ఒడ్డుకి పో" అన్నారు. పుట్టింటికి వెళ్తే వదిన గుమ్మంలోనే నిలబడి, "ఆ ఒడ్డు దానివయ్యావుగా, అక్కడికే పో" అంది. పోవడానికి గుండెల్‌కి పడవే మిగిలింది.

అప్పట్నుంచి ఆమెకి కాలు నిలిచేది కాదు. ఈ రేవులో కూర్చుంటే ఆ రేవు మీదికి మనసు లాగేది. ఆ రేవులో కూర్చుంటే ఈ రేవు మీదికి మనసు లాగేది. లేచేది, మోకు పట్టుకునేది, లాగేది. పడవలో మనిషి ఉన్నా లాగేది, లేకపోయినా లాగేది. రొట్టె నిలబడే తినేది. నిద్రలో కూడా చేతులు ఆడేవి.

"కాస్త కుదురుగా కూర్చోవే, చూసే మాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేవారు రేవులో ఆడవాళ్ళు.

"ఎక్కడ కూర్చోనమ్మా?" అనేది గుండెల్.

ఎవరూ తమ పక్కన జరిగి చోటిచ్చేవారు కాదు.

ఒక శీతాకాలం పంతం ముదిరింది. ఇక మీదట అవతలి గడప తొక్కేది లేదని రెండు ఒడ్లూ ఒట్టు పెట్టుకున్నాయి. ఆ చలికే ఏటి మీద మంచు పలకలు దిగాయి. ఒక్కో పలకా ఇంటి తలుపంత. ఒకదాన్నొకటి రాసుకుంటూ, కీచుమంటూ వస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే మర ఒడ్డున పిండిమర యజమాని ఎకార్ట్ కూతురు లీస్బెట్‌కి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని ఆగ్నెస్ ఉండేది ద్రాక్ష ఒడ్డున.

ఎకార్ట్ రేవులోకి వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద మీసం, తల మీద నక్క తోలు టోపీ. అటూ ఇటూ తిరిగాడు. అడగలేడు, ఊరుకోలేడు. రేవు పక్కనే ఉన్న ఇంట్లోంచి కూతురి కేక వినిపిస్తూనే ఉంది.

"గుండెల్, ఆ మంత్రసానిని..." అని ఆగిపోయాడు.

గుండెల్ అప్పటికే మోకు పట్టుకుంది.

మంచు పలకల్ని తెడ్డుతో నెట్టుకుంటూ వెళ్ళింది. ఆగ్నెస్ గుడ్డల మూట సర్దుకుంది గానీ, "పెద్దాయన హార్ట్‌విన్ సరేననాలి తల్లీ. లేకపోతే నన్ను ఈ ఊళ్ళో బతకనివ్వరు" అంది.

హార్ట్‌విన్ ద్రాక్ష ఒడ్డుకి పెద్ద. పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. "ఎకార్ట్‌ని టోపీ తీసి అడగమను. అప్పుడు పంపిస్తా" అన్నాడు.

గుండెల్ మళ్ళీ మంచులోంచి వెనక్కి వచ్చింది. అరిచేతులు చీరుకుపోయాయి. విషయం చెప్పింది. ఎకార్ట్ ముఖం ఎర్రబడింది.

"వాడి ముందు టోపీ తియ్యనా? నా తల తెగినా తియ్యను!"

"మీ తల సంగతి తర్వాత అయ్యా. లోపల అమ్మాయి పోయేలా ఉంది."

ఎకార్ట్ ఇంటి వైపు తిరిగి చూశాడు. కాళ్ళు మాత్రం కదల్లేదు. లోపల లీస్బెట్ కేక ఈసారి సన్నగా వచ్చింది. ఆ సన్నదనానికే గుండెల్‌కి భయం వేసింది. ఇద్దరు మగవాళ్ళ మధ్య తను ఇలా తిరుగుతూనే ఉంటే ఆ కేక కూడా ఆగిపోతుందనుకుంది. ఎగిరి ఎకార్ట్ తల మీది టోపీ లాక్కుంది. అతను "ఏయ్!" అనేలోపే పడవలో ఉంది.

మూడోసారి ఏరు దాటుతుంటే ఒక పెద్ద పలక వచ్చి పడవని గుద్దింది. గుండెల్ నీళ్ళలో పడింది. మోకు వదల్లేదు. టోపీని పళ్ళతో కరిచి పట్టుకుంది. ఎలాగో పడవెక్కింది. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ హార్ట్‌విన్ పొయ్యి ముందుకి వెళ్ళి, టోపీ అతని ఒళ్ళో పడేసింది.

"ఇదిగో, తీశాడు."

హార్ట్‌విన్ టోపీ వంక చూశాడు. గుండెల్ జుట్టులో గడ్డకట్టిన మంచు వంక చూశాడు. "ఆగ్నెస్, బయల్దేరు" అన్నాడు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బతికారు. ఎకార్ట్ భార్య గుండెల్‌ని ఇంట్లోకి లాక్కెళ్ళి, పొడి బట్టలు కట్టించి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి గిన్నెలో వేడి గంజి పోసిచ్చింది. అన్నేళ్ళలో గుండెల్‌ని ఒకరు కూర్చోబెట్టడం అదే మొదలు. ఒళ్ళు కాలిపోతోంది. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

"ఇక్కడే పడుకో" అంది ఆవిడ.

గుండెల్ పడుకుంది. పక్క మెత్తగా ఉంది, ఇల్లు వెచ్చగా ఉంది. కానీ నేల కదలడం లేదు. కదలని చోట ఆమెకి ఊపిరాడలేదు. "ఆగ్నెస్‌ని దింపి వచ్చేస్తానమ్మా" అని లేచింది. ఎంత చెప్పినా విన్లేదు.

ఆగ్నెస్‌ని ద్రాక్ష రేవులో దింపింది. ఆగ్నెస్ కూడా, "మా ఇంటికి రావే" అంది. గుండెల్ నవ్వి మోకు పట్టుకుంది.

పొద్దున రెండు ఒడ్ల వాళ్ళూ నీళ్ళకి వచ్చి చూస్తే పడవ నడి ఏట్లో నిలబడి ఉంది. గుండెల్ మోకుకి తల ఆన్చి కూర్చుని ఉంది. చేతులు ఆడటం లేదు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ.

"మా ఒడ్డున పుట్టింది. మా మనిషి!" అని అరిచారు ద్రాక్ష ఒడ్డు వాళ్ళు.

"మా ఇంటి కోడలు. మా మనిషి!" అని అరిచారు మర ఒడ్డు వాళ్ళు.

పడవకి రెండు కొసలా తాళ్ళుండేవి, ఏ రేవు నుంచైనా లాక్కోవడానికి. ఇటు వాళ్ళు ఇటు లాగారు. పడవ కదల్లేదు. అటు వాళ్ళు అటు లాగారు. పడవ కదల్లేదు. ఇద్దరూ పళ్ళు బిగించి ఒక్కసారే లాగారు. రెండు తాళ్ళూ పుటుక్కున తెగాయి. మంచు పలక ఒకటి వచ్చి పాత మోకుని కూడా తెంపేసింది. వాళ్ళందరి కళ్ళ ముందే పడవ తేలిపోయి, దిగువన ఏటి మధ్యలో ఉన్న లంకకి చేరి ఆగింది.

ద్రాక్ష ఒడ్డు నుంచి ఆగ్నెస్ గొంతు వినిపించింది. "బతికుండగా ఒక్కరైనా మా మనిషి అన్నారా?"

రెండు ఒడ్ల వాళ్ళూ కదిలారు. దుంగలు కట్టుకుని, తొట్లెక్కి, దొరికినదాని మీద లంకకి చేరారు. నేల గడ్డకట్టి రాయిలా ఉంది. ఒక్కరి వల్ల గొయ్యి తెగేలా లేదు. ఎకార్ట్ తవ్వి అలిసిపోతే హార్ట్‌విన్ పార అందుకున్నాడు. హార్ట్‌విన్ అలిసిపోతే ఎకార్ట్ అందుకున్నాడు. ఎకార్ట్ బోడి నెత్తి చలికి నీలంగా మారింది. హార్ట్‌విన్ కోటు లోపల్నుంచి నక్క తోలు టోపీ తీశాడు.

"పెట్టుకో. జ్వరమొస్తే మళ్ళీ ఎవర్ని పంపిస్తావు నా దగ్గరికి?"

ఎకార్ట్ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

గుండెల్‌ని అక్కడే పూడ్చారు, రెండు ఒడ్లకీ సమానంగా కనబడే చోట. మిట్టెన్‌వెర్డ్ అంటే వాళ్ళ మాటలో నడిమి లంక. ఆ లంక పేరే తర్వాత ఊరి పేరయింది.

వేసవిలో ఆ లంక మీద గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. ఇప్పటికీ ఏటేటా రెండు ఒడ్ల వాళ్ళూ కొడవళ్ళు పట్టుకుని పడవల్లో వెళ్ళి ఆ గడ్డి కోస్తారు. అమ్మరు, పంచుకోరు. ఊళ్ళో అందరికంటే బక్కచిక్కిన ఆవు ఎవరింట్లో ఉంటే మొత్తం వాళ్ళకే.

ఏ ఆవు బక్కదో తేల్చడానికి మాత్రం పొద్దు వాలేదాకా అరుచుకుంటారు.

"మీ ఆవే బక్కగా ఉంది, పట్టుకుపొండి" అంటారు వీళ్ళు.

"కాదు, మీదే ఎముకలు తేలి ఉంది, పట్టుకుపొండి" అంటారు వాళ్ళు.