ఈరమ్మ చూసిన శని

ఇందులో ఒక్క మాట అబద్ధమైతే నా పళ్ళన్నీ ఈ పూటే ఊడిపోవాలి. ఉన్నవి నాలుగే గానీ, ఆ నాలుగూ నాకు ప్రాణంతో సమానం. పక్కింటిదానివి, నీతో అబద్ధమాడితే నాకొచ్చేదేముంది అమ్మాయ్.

ఆదోనిలో మా వీధి చివర మస్తాన్ సాయెబు కళ్ళజోళ్ళ కొట్టు ఉండేది. పగలంతా జనం కళ్ళకు అద్దాలు అరగదీసేవాడు, తీరిక దొరికితే తన టెలిస్కోపుకు అద్దం అరగదీసుకునేవాడు. ఆ ఒక్క అద్దానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అద్దంతో పాటు ఆయన వేళ్ళూ సగం అరిగిపోయాయి. తీరా తయారయ్యాక ఆ టెలిస్కోపు ఎంతుందంటే, కోట మీద పెట్టే ఫిరంగి కూడా దాని పక్కన నిలబడటానికి సిగ్గుపడుతుంది.

ఆయనకొక శిష్యుడు, వామనమూర్తి. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. చదువుంది, గొంతుంది, ఓపికే బొత్తిగా లేదు.

ఒకరోజు అతను కొట్టులోకొచ్చి చేతిసంచీ బల్ల మీద పడేశాడు.

"ఉస్తాద్, ఈ జనంతో నావల్ల కాదు. చంద్రుణ్ణి చూపిస్తే లోపల బల్బు పెట్టారా అంటారు. నక్షత్రాన్ని చూపిస్తే మా అమ్మాయికి పెళ్ళెప్పుడవుతుందంటారు. నిన్నొకాయన ఇందులోంచి వాళ్ళ బావమరిది ఇల్లు కనిపిస్తుందా అని అడిగాడు."

సాయెబు తల ఎత్తకుండా, "కనిపిస్తుందా?" అన్నాడు.

వామనమూర్తి తల పట్టుకున్నాడు.

ఆ నెలలోనే ప్రపంచంలో ఆకాశం పిచ్చి పట్టినవాళ్ళంతా ఒక మాట మీదికొచ్చారు. ఒకే సాయంత్రం అందరూ వీధుల్లోకొచ్చి, దారినపోయేవాళ్ళను పిలిచి ఆకాశం చూపించాలట. జపానులో రైల్వేస్టేషను ముందు, చిలీలో చేపల బజారులో, మా ఆదోనిలో పార్కు గేటు దగ్గర.

"నా చేతులు వణుకుతున్నాయి. ఈసారి నువ్వే చూపించు. బాగా చూపించావంటే ఇక టెలిస్కోపు నీ ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు సాయెబు.

వామనమూర్తి ఆ మాట కోసం ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. టెలిస్కోపును ఇంటికి తీసుకుపోవడానికి ముందే ఆటో కూడా మాట్లాడుకున్నాడు.

ఆ సాయంత్రం వచ్చిన జనాన్ని నువ్వు చూడాలి. వరస పార్కు గేటు దగ్గర మొదలై గుంతకల్లు దాకా ఉంది. ఏడు కాకముందే వామనమూర్తి శనిగ్రహానికి గురిపెట్టి, కన్నుపెట్టి చూసుకుని, తృప్తిగా తల ఊపి, ఉపన్యాసం అందుకున్నాడు. శని ఎంత దూరం, ఉంగరాలు దేనితో తయారయ్యాయి, చుట్టూ ఎంతమంది చంద్రులు, అన్నీ చెప్పాడు. గొంతు కర్ణాటక దాకా వినిపించింది.

వరసలో ముందున్నది ఈరమ్మ. పార్కు మూల మీద జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. పొయ్యి కాసేపు పక్కింటామెకు అప్పజెప్పి వచ్చింది. ఉపన్యాసం అయ్యేదాకా నిలబడి, చెప్పులు విడిచి, కన్నుపెట్టి చూసి, దండం పెట్టుకుంది.

"ఎలా ఉన్నాడమ్మా శని?" అని అడిగాడు వామనమూర్తి.

"నల్లగ ఉండాడు సార్."

అంతే, అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంతసేపూ చెప్పింది గాలికి పోయిందా? నల్లగా ఉంటాడని గుళ్ళో చెప్పారు, అదే పట్టుకున్నావు. ఎదురుగా చూసినా మూఢనమ్మకమేనా? ఇలాంటివాళ్ళుండబట్టే దేశం ఇలా ఉంది," అని వరసంతా వినేలా చీవాట్లు పెట్టాడు. ఈరమ్మ చెప్పులు తొడుక్కుని తన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఎంత బుద్ధిగా ఉన్నారో. "కనిపించిందా?" అంటే "కనిపించింది సార్." "ఉంగరం?" అంటే "ఉంగరం కూడా సార్." వామనమూర్తి ఒక్కొక్కరి పేరూ నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఆ లెక్క విదేశాలకు పంపాలి.

వరసలో నేనూ ఉన్నాను. అందరూ ఉంగరం అంటుంటే నేను తక్కువ తినడమేమిటని, ఉంగరమే కాదు, దాని మీద పొదిగిన రాయి కూడా కనిపించిందని చెప్పాను. ఆ మాట కూడా రాసుకున్నాడు.

వందమంది అయ్యారు. అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న సాయెబు లేచి, వరస చివరికెళ్ళి నిలబడ్డాడు. వామనమూర్తి పరుగున వెళ్ళాడు. "ఉస్తాద్, మీరెందుకు వరసలో? ముందుకు రండి."

"పర్లేదు సార్," అన్నాడు సాయెబు.

తన వంతు వచ్చేదాకా ఆగాడు. వణికే చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"ఎలా ఉన్నాడు ఉస్తాద్?"

"నల్లగా ఉన్నాడు సార్."

వామనమూర్తి నవ్వబోయాడు. సాయెబు ముఖంలో నవ్వు లేదు. అప్పుడు వామనమూర్తే వంగి, కన్ను పెట్టాడు.

గ్రహం లేదు, ఉంగరం లేదు. నల్లటి చీకటి, మూలన ఎక్కడో నలుసంత చుక్క.

భూమి తిరుగుతూ ఉంటుంది కదా అమ్మాయ్, మన ఉపన్యాసం అయ్యేదాకా ఆగదు. ఆ టెలిస్కోపును నిమిషానికోసారి చేత్తో కాస్త జరపకపోతే, చూస్తున్నది పక్కకు తప్పుకుంటుంది. మాటల్లో పడి వామనమూర్తి గంటసేపు దాన్ని ముట్టుకోలేదు, అందులోకి చూడనూ లేదు.

అతను నోటు పుస్తకం వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నేను చెట్ల మీద పక్షుల్ని లెక్కపెట్టుకున్నాను.

"ఒక్కరూ చెప్పలేదే," అన్నాడు నీరసంగా.

"ఒకామె చెప్పింది," అన్నాడు సాయెబు.

వామనమూర్తి మూల మీదికి నడిచాడు. ఈరమ్మ రొట్టె తడుతోంది.

"ఇంకోసారి వచ్చి చూస్తావా అమ్మా?"

"ఎందుకు సార్, మళ్ళ తిట్టేకా? పెనం మింద రొట్టె ఉంది, మాడిపోతుంది."

"నేను చూసుకుంటాను. వెళ్ళిరా."

ఈరమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసి లేచింది. ఫిజిక్సు లెక్చరరు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని జొన్నరొట్టె తిరగేశాడు. వేళ్ళు కాలాయి. ఒక వైపు మాడింది కూడా. అక్కడ సాయెబు ముని వేళ్ళతో టెలిస్కోపును జరుపుతూ, ఈరమ్మ చూసినంతసేపూ శనిని పోనివ్వకుండా పట్టుకున్నాడు.

ఆమె ఎంతసేపు చూసిందంటే, ఈలోగా రెండు శనివారాలు గడిచిపోయాయి. చివరికి లేచి, చెంగుతో కన్ను తుడుచుకుంది.

"బో తెల్లగుండాడే," అంది. "ఇంత చిన్నోనికా నేను ముప్పై ఏండ్లు నూనె పోసింది?"

ఆ మాట వామనమూర్తికి పొయ్యి దగ్గరికే వినిపించింది. తిరిగొచ్చి, పిండి చేతులతోనే నోటు పుస్తకం తీసి, పేర్లున్న పేజీలన్నీ చింపాడు.

అంతలో ఆటో వచ్చింది. అతను దానికేసి చెయ్యి ఊపి, "వద్దులే, పో," అన్నాడు.

"ఆగమను," అన్నాడు సాయెబు.

"నూట పదహారు మంది ఉత్త చీకటిని చూసి ఇళ్ళకెళ్ళిపోయారు ఉస్తాద్. ఏ ముఖం పెట్టుకుని తీసుకుపోను?"

సాయెబు టెలిస్కోపుకు మూత పెట్టి, మెల్లగా దించి, ఆటో వెనక సీటులో తానే పడుకోబెట్టాడు.

"వాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారుగా," అన్నాడు.

వామనమూర్తి చింపిన పేర్ల కాగితాలు ఏరుకుని జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

అదీ సంగతి. అలా నోరు తెరుచుకుని కూర్చోకు. మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టాను, వెళ్ళి ఎండాయో లేదో చూసి రా. ఎండకపోతే ఎండలేదనే చెప్పు.