మోడులు కూలిన ఏడాది

నెమలిగుట్ట అడవిలో పావురాలు, గోరువంకలు, ఉడతలు, కుందేళ్ళు, తాబేళ్ళు కలిసిమెలిసి ఉండేవి. తమను చేసిన దేవుడంటే వాటికి ఎంతో ప్రేమ. వారానికోసారి అన్నీ నల్లమద్ది చెట్టు కింద కూడుకుని పాటలు పాడుకునేవి. పెద్ద పావురం కరుణమ్మగారు ప్రార్థన చేసేవారు. ఆవిడను అడవి మొత్తం అమ్మగారూ అని పిలిచేది.

ఆ అడవిలో ప్రకాశం అనే వడ్రంగి పిట్ట ఉండేవాడు. ఎండిపోయినా కూలకుండా నిలబడ్డ చెట్లను మోడులు అంటారు కదా, ఆ మోడులకు ముక్కుతో తొర్రలు తొలవడం అతని పని. గూడు కావలసిన చిలకలూ గోరువంకలూ వచ్చి అడిగేవి. తొలిచేటప్పుడు చెక్కలోంచి బయటపడే పురుగులే అతని కూలి. ఆ కూలితో ప్రకాశం, అతని భార్య సలోమి కడుపునిండా తినేవారు.

ప్రకాశానికి ఒక గుణం ఉంది. ఏది కనిపించినా దాని లోపల ఏముందో తెలుసుకోవాలి. ముందు టక్కుమని కొడతాడు. తల పక్కకు వాల్చి వింటాడు. మళ్ళీ కొడతాడు. ఒకసారి నిద్రపోతున్న తాబేలు వీపు మీద కూడా అలాగే కొట్టి చీవాట్లు తిన్నాడు. అయినా లోపల ఎవరో ఉన్నారని తేలినందుకు సంతోషపడ్డాడు.

ఆ ఏడాది చివర్లో పెద్ద తుఫాను వచ్చింది. పచ్చని చెట్లు గాలికి వంగి మళ్ళీ లేచాయి. మోడులకు వంగడం చేతకాదు. అవి ఒక్కొక్కటే నేలకూలాయి. వాగు గట్టున సగం విరిగిన మోడు ఒక్కటే మిగిలింది. అందులోనే సలోమి గుడ్లు పొదుగుతూ ఉంది.

ప్రకాశానికి పని పోయింది. పచ్చి చెట్టును కొడితే ముక్కు నొప్పే కానీ పురుగు దొరకదు. అతను రోజంతా తిరిగి రెండు చీమలు తెచ్చి సలోమి నోట్లో పెట్టేవాడు. గుడ్లు పగిలాక పిల్లలకు ఏం పెట్టాలి? ఆ ఆలోచనతో అతనికి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఇంతలో కొత్త సంవత్సరం వచ్చింది. ఆ రోజు అడవిలో ఒక ఆచారం ఉంది. కరుణమ్మగారు రకరకాల ఆకులు ఏరి పాత గిజిగాడి గూట్లో వేస్తారు. ప్రతి ఒక్కరూ కళ్ళు మూసుకుని ఒక ఆకు తీసుకోవాలి. ఆ ఆకు చూసి అమ్మగారు ఒక ధైర్యం మాట చెబుతారు. ఏడాదంతా గుర్తు పెట్టుకోవడానికి అది దేవుడిచ్చిన మాట అనుకుంటారు.

ముందు జయరావు తీశాడు. జయరావు సలోమికి అన్న. అతనూ వడ్రంగి పిట్టే. తనంత పదునైన ముక్కు అడవిలోనే లేదని అతని గట్టి నమ్మకం. అతనికి పెద్ద టేకు ఆకు వచ్చింది.

"ఈ ఆకు వెడల్పు చూడు. దేవుడి దయ ఇంతకంటే వెడల్పు" అన్నారు కరుణమ్మగారు.

జయరావు దయ సంగతి వినలేదు. టేకు సంగతే విన్నాడు. "కొండ అవతల మనుషులు పెంచే టేకు తోట ఉంది. దేవుడు అది నాకు రాసిచ్చాడు" అని చాటింపు వేశాడు.

ప్రకాశానికి చిన్న రేగు ఆకు వచ్చింది.

"చిన్నవాటిని కూడా ఆయన మరచిపోడు నాయనా" అన్నారు కరుణమ్మగారు.

ప్రకాశం మొహం చిన్నబోయింది. రేగు కొమ్మకు తొర్ర ఏం తొలుస్తారు? ఆ మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక అతను మెల్లగా వెనక్కి వచ్చి గూట్లో ముక్కు పెట్టాడు. ఒక ఆకు తీశాడు, నచ్చలేదు. ఇంకోటి తీశాడు, అదీ నచ్చలేదు.

"మంచిది వచ్చేదాకా తీస్తావా ప్రకాశం?" వెనక నుంచి కరుణమ్మగారి గొంతు వినిపించింది.

ప్రకాశం సిగ్గుతో నేల చూశాడు. "వందనాలు అమ్మగారూ. ఏ పని దొరుకుతుందో కాస్త ముందే తెలిస్తే బాగుండునని..."

"ఇది చిలక జోస్యం కాదు నాయనా. ఆకులో నీ పని రాసి ఉండదు. ఆ మాట ఇచ్చినవాడిని నమ్ముకోమని ఆకు ఇస్తాం."

"నమ్ముతున్నాను అమ్మగారూ. కానీ ఆకలి వేస్తోంది."

కరుణమ్మగారు కోప్పడలేదు. "అది కూడా ఆయనతోనే చెప్పు" అన్నారు. తన దగ్గరున్న జొన్న గింజలు సలోమికి ఇమ్మని పంపారు.

ప్రకాశం ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి ప్రార్థన చేశాడు. తనకు చేతనైనట్టే చేశాడు. అడగడం, ఆగడం, వినడం. ఏ జవాబూ రాలేదు.

"సలోమీ, ఎంత కొట్టినా చప్పుడు రావడం లేదు. లోపల ఎవరూ లేరేమో" అన్నాడు ఒకరోజు దిగులుగా.

సలోమి గుడ్ల మీద నుంచి కదలకుండా అడిగింది. "మీరు కొట్టినప్పుడు బాగా మోగే చెట్టు ఎలాంటిదండీ?"

"బోలు చెట్టు."

"మోగనిదో?"

"నిండుగా, గట్టిగా ఉన్న చెట్టు." ఆ మాట అన్నాక ప్రకాశం తల పక్కకు వాల్చి చాలాసేపు ఆలోచించాడు. దిగులు పూర్తిగా పోలేదు కానీ మర్నాడు మళ్ళీ ప్రార్థనకు కూర్చున్నాడు.

జయరావు ప్రయాణమయ్యాడు. వెళ్ళే ముందు గట్టు దగ్గరికి వచ్చాడు. "బావా, నువ్వూ చెల్లీ నాతో రండి. ఇక్కడుంటే మాడిపోతారు."

"గుడ్లు ఉన్నాయి కదా బావా" అన్నాడు ప్రకాశం.

"గుడ్లు మళ్ళీ పెట్టుకోవచ్చు. టేకు తోట మళ్ళీ దొరకదు."

ప్రకాశం సలోమి వైపు చూశాడు. ఆమె రెక్కలు మరింత దగ్గరికి ముడుచుకుంది. "ఈ గుడ్లను దేవుడు మా చేతికి ఇచ్చాడు. వీటిని వదిలి వెళ్ళమని ఆయనే చెప్పాడంటే నేను నమ్మలేను. మేము రాము" అన్నాడు.

"మరి ఏం తింటారు?"

"అది నాకు తెలియడం లేదు."

జయరావు ఫక్కున నవ్వి ఎగిరిపోయాడు.

అతను వెళ్ళిన కాసేపటికి కుందేలు రాహేలమ్మ వచ్చింది. తుఫాను నీళ్ళకు ఆమె బొరియ కూలిపోయింది. పిల్లలు చలికి వణుకుతూ పొదల కింద పడుకుంటున్నారు.

"నీకు పని లేదని విన్నాను ప్రకాశం. నాకు ఇల్లు లేదు. వాగు పక్కన ఒక మోడు పడి ఉంది. దానికి నేల దగ్గర ఒక వాకిలి తొలిచిపెడతావా?" అని అడిగింది.

ప్రకాశం బిత్తరపోయాడు. "పడుకున్న చెట్టును కొట్టడం మా ఇంటా వంటా లేదు రాహేలమ్మా. మేము నిలబడ్డ చెట్టుకు తోక ఆనించి, నిటారుగా నిలబడి కొడతాం. పడిపోయినదాన్ని కొడితే మా వాళ్ళు నవ్వరా?"

లోపలి నుంచి సలోమి అంది. "రోజూ పని ఇమ్మని ప్రార్థిస్తారు. పని గుమ్మం దాకా వస్తే, అది పడుకుని ఉందని వెనక్కి పంపుతారా?"

ప్రకాశం రాహేలమ్మ వెంట వెళ్ళాడు.

దుంగ మీద నిలబడితే తోక ఆనించడానికి చోటు లేదు. ఒక దెబ్బ కొట్టి ముందుకు పడ్డాడు. ఇంకో దెబ్బ కొట్టి వెనక్కి పడ్డాడు. కుందేలు పిల్లలు కిలకిలా నవ్వారు. నవ్వేవాళ్ళు తన వాళ్ళు కాకపోవడం కొంత నయం అనుకున్నాడు. తర్వాత దుంగ పక్కకు దిగి, గోళ్ళతో పట్టుకుని వేలాడాడు. అప్పుడు తోక ఆనింది. టక్కుమని కొట్టాడు. తల వాల్చి విన్నాడు.

లోపల ఏదో కదులుతోంది.

అతని కళ్ళు మెరిశాయి. గబగబా తొలిచాడు. తడి నేల మీద పడి నానిన ఆ చెక్క మెత్తగా ఊడివచ్చింది. లోపల తెల్లగా, లావుగా పురుగులు కుప్పలుగా ఉన్నాయి. నిలబడ్డ మోడులో అతను ఎన్నడూ అన్ని పురుగులు చూడలేదు.

"ప్రభువా, ఇక్కడ పెట్టావా" అన్నాడు ప్రకాశం. అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆ సాయంత్రం సలోమి ఎన్నాళ్ళకో కడుపునిండా తింది. రాహేలమ్మ పిల్లలు వెచ్చగా పడుకున్నారు. తర్వాత ముళ్ళపంది వచ్చి అడిగింది, ఉడుము వచ్చి అడిగింది. ఒకప్పుడు దెబ్బ తిన్న తాబేలు కూడా వచ్చి, "ఈసారి దుంగనే కొట్టు నాయనా" అని మరీ అడిగింది. గుడ్లు పగిలాయి. పిల్లల నోళ్ళు తెరుచుకునే ఉండేవి, వాటిలో పెట్టడానికి ప్రకాశం దగ్గర మేత ఉండేది.

ఎండాకాలం రాకముందే జయరావు తిరిగి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. పచ్చి టేకును కొట్టి కొట్టి అతని ముక్కు కొన విరిగింది. తోట కాపలావాళ్ళు రాళ్ళు విసిరి తరిమేశారు. ఎవరి మొహమూ చూడలేక కొమ్మ చాటున కూర్చున్నాడు.

ప్రకాశం అతన్ని పిలిచి పురుగులు ముందు పెట్టాడు. విరిగిన ముక్కుతో తినలేకపోతే చిన్న ముక్కలు చేసి పెట్టాడు. ఏమీ దెప్పలేదు. అందుకే జయరావుకు కన్నీళ్ళు ఆగలేదు.

ఆ వారం కూడికలో కరుణమ్మగారు, "ప్రకాశం, దేవుడు నీకు చేసిన మేలుకు నీ సాక్ష్యం చెప్పు నాయనా" అన్నారు. ప్రకాశం లేచి జరిగినదంతా చెప్పాడు. తను ఆకులు మళ్ళీ మళ్ళీ తీసిన సంగతి కూడా దాచలేదు. అందరూ నవ్వారు.

జయరావు మెల్లగా అడిగాడు. "అంతా బాగానే ఉంది బావా. కానీ ఈ దుంగలు రెండు మూడు వానలకు మట్టిలో కలిసిపోతాయి. అప్పుడు నీ పని ఏమిటి?"

కూడికకు వచ్చినవాళ్ళందరూ ప్రకాశం వైపు తిరిగారు. చాలామంది మనసులో అదే ప్రశ్న ఉంది.

"నాకు తెలియదు" అన్నాడు ప్రకాశం.

"భయం వేయదా?"

"వేస్తుంది. కానీ భయం కంటే ఆత్రం ఎక్కువగా ఉంది బావా. ఈసారి ఆయన మాకు మేత ఎక్కడ దాచి ఉంచాడో చూడాలని."

ఆ మాట అనేసి అతను పిల్లలకు మేత పెట్టే వేళయిందని ఎగిరి వెళ్ళిపోయాడు.

నీతి: రేపటి పని ఏదో మనకు తెలియకపోయినా దేవునికి తెలుసు. ఆయనను నిజంగా నమ్మినవారు గుర్తుల కోసం వెతుకుతూ కూర్చోరు, ఈ రోజు ఎదురైన పనిని చిన్నచూపు చూడరు.