ఒక్కదాని మీదే అనుమానం

మర్నాడు ఒక మనిషికి ఉరిశిక్ష వెయ్యాలి. వెయ్యాలనే పురుషోత్తం నిశ్చయించుకున్నాడు లెండి. అయినా మనసు కుదుటపడక, వానలో తడుస్తూ కొండెక్కి నాంచారమ్మ దగ్గరికొచ్చాడు. ఇప్పుడు సంస్థానానికి న్యాయాధికారి అయినా, చిన్నప్పుడు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చదువుకున్నవాడే.

“ఎవరు నాయనా ఆ మనిషి?” అని అడిగిందావిడ.

“గొర్రెలు కాసే గురప్ప. వాగు దగ్గర షావుకారుని కొట్టి చంపాడు. ముందురోజు సంతలో ఇద్దరూ తిట్టుకున్నారు, ఊరంతా విన్నది. పొద్దుగూకే వేళ నల్ల గొంగడి కప్పుకున్నవాడు పారిపోతుంటే బండివాడొకడు చూశాడు కూడా.”

“మొహం చూశాడా?”

“వీపు చూశాడు.”

“గొంగడి ఇంకెవరికీ లేదా?”

పురుషోత్తానికి చిరాకొచ్చింది.

“గొర్రెలవాళ్ళందరికీ ఉంటుందమ్మా. కానీ పదహారణాల్లో పదిహేనణాలు వీడే. మిగిలిన ఆ ఒక్క అణా పట్టుకుని కూర్చుంటే ఏ హంతకుడికీ శిక్ష పడదు. షావుకారు భార్య రోజూ కచేరీ గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. ఆవిడకేం చెప్పమంటారు?”

“నిజమే. తడిసొచ్చావు, ముందు భోంచెయ్యి.”

విస్తరేసి వడ్డించింది. పొగలు కక్కే అన్నం, పక్కన పుట్టగొడుగుల కూర. ఆ కూరంటే అతనికి ప్రాణం. గబగబా ముద్ద కలిపాడు.

“అన్నీ మంచివే నాయనా. ఒక్కదాని మీదే కొంచెం అనుమానం. కాడ మొదట్లో విషప్పుట్టగొడుగుకి ఉన్నట్టు చిన్న సంచిలా ఉంది. తరిగి కూరలో వేసేశాక అనిపించింది. మట్టి అంటుకున్నా అలాగే కనబడుతుందిలే. తిను.”

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది.

“ఏం? మంచిదే అయ్యుంటుంది.”

“కాకపోతేనో?”

ఆవిడ వాదించలేదు. విస్తరి ఎత్తి, “వృథా ఎందుకు, కుక్కకి పెడతాను” అంటూ గుమ్మం దాటింది. చూరు కింద వణుకుతున్న బక్క కుక్క తోకాడించుకుంటూ లేచింది.

“అయ్యో, వద్దమ్మా!” పురుషోత్తం ఎంగిలిచేత్తోనే పరుగెత్తి అడ్డం నిలబడ్డాడు. “చచ్చిపోతుందేమో!”

నాంచారమ్మ విస్తరి పట్టుకుని అతని మొహంలోకి చూసింది.

“కుక్కేగా, నాయనా.”