సున్నపు బురదలో దాగుడుమూతలు

ఒకప్పుడు సున్నపురాయి అసలు రాయే కాదు. సముద్రం అడుగున దోసెల పిండిలా జారుతూ ఉండే తెల్లటి బురద. ఎప్పుడంటారా? అప్పటికి డైనోసార్లు కూడా పుట్టలేదు. అంతకన్నా వెనక్కి వెళ్తే నాకే కళ్ళు తిరుగుతాయి, ఇక్కడే ఆగుదాం.

ఆ బురద మీద వెచ్చటి సముద్రం. అందులో చిట్టిగుల్ల ఉండేది. గోరంత ఉండేది. రెండు చిప్పలే దాని ఇల్లు, అవే దాని తలుపులు. నవ్వొస్తే ఆ తలుపులు టపటపా కొట్టుకునేవి. దానికి పొద్దస్తమానం నవ్వే.

దాని స్నేహితులు ఇద్దరు. ఒకరు తళుకు అనే చేప. ఇంకొకరు కాడపువ్వు. నిజానికి కాడపువ్వు పువ్వు కాదు, అదీ ఒక జంతువే. పొడుగాటి కాడ మీద నిలబడి చేతులు ఊపుతుంది కనుక అందరూ పువ్వనే పిలిచేవారు. పిలిస్తే పలికేది కూడాను!

పైన సూరీడికి మాత్రం ఎప్పుడూ దాహమే. "ఒక్క గుక్క, ఇంకొక్క గుక్క" అంటూ సముద్రాన్ని తాగేస్తుండేవాడు. నీళ్ళు తగ్గినచోట చిక్కుకున్న గుల్లలు ఎండి, పెళుసై, పొడి అయిపోయేవి. చిట్టిగుల్ల వాళ్ళ మేనత్త అలాగే పోయింది. ఆవిడంటూ ఒకరు ఉండేవారని చెప్పడానికి చిటికెడు దుమ్ము కూడా మిగల్లేదు. అది తలుచుకుంటే చిట్టిగుల్లకి నవ్వు ఆగిపోయేది. చాలా భయం వేసేది.

ఒకరోజు సముద్రమ్మ పిల్లలందరినీ పిలిచింది.

"నేనింక ఇక్కడ ఉండలేను నాన్నా. అంతా తాగేశాడు. నేను వెళ్ళిపోవాలి. మిమ్మల్ని ఎత్తుకెళ్ళే బలం నాకు లేదు."

"మరి మేం కూడా అత్తలాగే పొడి అయిపోతామా అమ్మా?" అని అడిగింది చిట్టిగుల్ల.

సముద్రమ్మ ఏడ్చింది. సముద్రం ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది చెప్పండి, అంతా నీళ్ళే కదా! కానీ చిట్టిగుల్లకి తెలిసింది. నీళ్ళు మరీ ఉప్పగా అయ్యాయి. అమ్మ ఏడుపు చూడలేక అది గబుక్కున తలుపులు తెరిచి పైకి కేక పెట్టింది.

"సూరీడు మామా! దాగుడుమూతలు ఆడదాం, వస్తావా?"

సూరీడు తాగుతున్న గుక్క మింగడం మర్చిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ ఆటకి పిలవలేదు మరి! పొంగిపోయాడు.

"వస్తా, వస్తా! ఎవరు దొంగ?"

"నువ్వే! కొత్తగా వచ్చినవాళ్ళే దొంగ. అది మా రూలు."

"దొరికితే?"

"దొరికినవాళ్ళని పొడి చేసేసుకో. దొరక్కపోతే మాత్రం మా జోలికి రాకూడదు."

తళుకు గబగబా దగ్గరికి ఈదుకొచ్చింది. "ఒసే చిట్టీ, నీకేమైనా మతి పోయిందా?" అని గొణిగింది. అప్పటికే సూరీడు ఒక మబ్బుని లాగి కళ్ళకి గంతలు కట్టేసుకున్నాడు.

"ఒకటి... ఒకటి తర్వాత ఏంట్రా?"

పాపం, ఆయనకి లెక్కలు రావు. తను ఉన్నదే ఒక్కడు, రెండుతో ఎప్పుడూ పని పడలేదు.

"మళ్ళీ ఒకటే మామా!" అని అరిచింది తళుకు.

"ఓహో! ఒకటి... ఒకటి... ఒకటి..."

ఇంక చూడండి, సముద్రం అడుగున ఒకటే హడావిడి! గుల్లలన్నీ బుడుంగు బుడుంగుమని బురదలో మునిగాయి. తళుకు మునిగింది కానీ వీపు మీది రెక్క పైకే ఉండిపోయింది.

"పక్కకి తిరిగి పడుకోవే!" అంది చిట్టిగుల్ల. పడుకుంది. మాయమైంది.

కాడపువ్వు మాత్రం ఎంత వంగినా దాగలేకపోయింది.

"చిట్టీ, నా తల కనిపిస్తోందే!"

"నీ కాడంతా పూసలు పేర్చినట్టే ఉంది కదా, విడిపో!"

కాడపువ్వు ఒళ్ళు విరుచుకుంది. గలగలా గలగలా పూసలన్నీ రాలాయి. "అమ్మో, కితకితలే!" అని నవ్వుతూ నవ్వుతూ బురదలోకి జారిపోయింది.

సముద్రమ్మ తన ఆఖరి అలతో బురదంతా లాగి దుప్పటిలా కప్పింది. "కిక్కురుమనకండి బంగారూ" అని ఒక్కొక్కరినీ తడిమింది. తర్వాత గబగబా వెళ్ళిపోయింది.

సూరీడు గంతలు విప్పాడు. ఎక్కడ చూసినా తెల్లటి బురదే. ఒక్కరు లేరు!

"చిట్టీ! తళుకూ! ఎక్కడున్నారే?"

ఆయన సరిగ్గా చిట్టిగుల్ల నెత్తిమీదే నిలబడి వెతుకుతున్నాడు. దానికి నవ్వు తన్నుకొచ్చింది. తలుపులు అదరడం మొదలుపెట్టాయి. ఒక్కసారి టప్పుమంటే చాలు, అందరూ దుమ్మే! మేనత్తని తలుచుకుని, ఉన్న బలమంతా పెట్టి తలుపులు బిగించింది.

"ఉండండి, మీ పని చెప్తా! ఉడికిపోతే మీరే బయటికొస్తారు" అని సూరీడు భగభగా కాశాడు. రోజుల తరబడి కాశాడు, ఏళ్ళ తరబడి కాశాడు. బురద చిక్కబడింది. చిక్కబడి బిగిసింది. బిగిసి బిగిసి గట్టిపడింది. చివరికి ఆయన వంగి ఒక్కటి కొట్టాడు.

టంగ్!

సూరీడు వేలు పట్టుకుని ఎగిరాడు. "ఓరి నాయనో! రాయి! దీన్ని రాయి చేసింది నేనేనా?"

అవును మామా, నువ్వే! వాళ్ళని నీకు అందకుండా దాచిపెట్టింది నీ ఎండే.

అప్పటినుంచే సున్నపురాయి కడుపులో గుల్లలు, పూసలు, పక్కకి తిరిగి పడుకున్న చేపలు ఉంటాయి. ఎవరైనా ఆ రాయి పగలగొడితే సూరీడు ఎగిరి గంతేసి "దొరికావ్ చిట్టీ!" అంటూ దాని మీద వాలతాడు. కానీ ఎంత ఎండ కాసినా చిట్టిగుల్ల ఇప్పుడు దుమ్ము కాదు. రాయిలో దాక్కుని దాక్కుని తనూ రాయే అయిపోయింది. ఒంటిమీది గీతలు కూడా చెరగలేదు, చూసిన పిల్లలెవరైనా సరే, ఇదిగో ఇక్కడ ఒక గుల్ల ఉండేదని ఇట్టే చెప్పేస్తారు.