తవిటమ్మ ఆపమన్న తీర్థం

అనగా అనగా, ఏరు ఇప్పటికంటే వెడల్పుగా పారే రోజుల్లో, ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరందరి బట్టలూ ఉతికే మనిషి తవిటమ్మ. ఊరందరి మురికీ ఆమెకు తెలుసు. ఆమె పేరు మాత్రం ఊళ్ళో సగంమందికి తెలియదు.

ఒక ఎండాకాలం, ఎగువ ఊరి చాకలామె రేవులో గొంగళ్ళు ఉతుకుతూ కనబడింది. మండుటెండల్లో గొంగళ్ళేమిటని అడిగింది తవిటమ్మ.

"దగ్గుజ్వరం అప్పా. వణుకు ఆగదు. మా ఊరి జాతర తీర్థానికెళ్ళొచ్చిన ఇల్లల్లా మంచం పట్టింది. పాడె మోసేవాళ్ళు కూడా చాలట్లేదు."

తమ ఊరి అమ్మవారి తీర్థం ఇంక తొమ్మిది రోజులే. తవిటమ్మ మూట అక్కడే వదిలేసి ఊరిపెద్ద పెదనాయుడి ఇంటికి పోయి, మెట్ల కింద నిలబడింది.

"బాబూ, తీర్థం వెనక్కి జరపండి. జ్వరమున్న ఇంటి గుమ్మానికి పాతగుడ్డ కట్టించండి, ఎవరూ లోపలికెళ్ళకుండా. వీధికొక పొయ్యి పెట్టించి, ఆ ఇళ్ళ అరుగుల మీద గంజి పెట్టించండి."

పెదనాయుడు నవ్వాడు. "బట్టలుతకవే అంటే ఊరినే ఉతుకుతానంటావేంటే."

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. "అమ్మవారికి కోపమొస్తే నువ్వు కాస్తావా?" అన్నాడు.

మూడోనాడూ వెళ్ళింది. తలుపే తీయలేదు. "తీర్థానికి నా తలపాగా తెల్లగా రావాలని చెప్పండి దానికి" అని లోపల్నుంచి వినబడింది.

అమ్మవారికి కోపమట. పిల్లలు దగ్గి చస్తుంటే డప్పులు కొట్టమని ఏ తల్లయినా అడుగుతుందా? అడిగింది అమ్మ కాదు, పెదనాయుడి తలపాగా.

తీర్థం జరిగింది. ఐదోనాటికి తూర్పు వీధి జ్వరంతో మంచాన పడింది. ఆరోనాటికి పడమటి వీధి పడింది. ఏడోనాటికి పెదనాయుడి ఇల్లే పడింది. చంటిబిడ్డలు పోయారు, నిండుచూలాళ్ళు పోయారు.

తవిటమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. తన చీర చింపి గుమ్మం గుమ్మానికీ కట్టింది. వీధికొక ఇల్లాలిని కదిలించి పొయ్యి వెలిగించింది. అరుగు అరుగుకీ గంజి మోసింది.

"గంజి పెట్టాను తల్లీ. నేనెళ్ళాక తలుపు తియ్యండి."

"నీ చేతిది ఎలా తాగడమే?" అన్నవాళ్ళే మూడోనాటికి గిన్నె ముందుకు తోశారు. పెదనాయుడూ ఆ గంజే తాగి బతికాడు.

ఊరు దగ్గడం మానిన నాడు తవిటమ్మ పడిపోయింది. ఆమె అరుగు మీద గంజి పెట్టడం ఒక్కరికీ గుర్తు రాలేదు. ఒక్కరికీ.

ఆమె పోయిన ఏడాదికి పెదనాయుడు మీసం దువ్వి, "సమయానికి నేను పూనుకోబట్టి ఊరు నిలిచింది. ఈ ఏడు తీర్థం ఎప్పుడో చెబుతా వినండి" అన్నాడు.

పొయ్యిలు వెలిగించిన ఆడవాళ్ళు లేచారు. "ఇంతవరకూ మీరు చెప్పింది చాలు బాబూ. ఈ మాట రేవులో బట్టలుతికే మనిషిని అడగాలి" అన్నారు. అంటూనే నడిచారు. ఊరంతా వాళ్ళ వెంట నడిచింది.

ఇప్పటికీ అక్కడ తీర్థానికి రోజు పెట్టేముందు పెద్దలు చెప్పులు విడిచి రేవులోకి దిగుతారు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, బట్టలుతికే ఆడమనిషిని అడుగుతారు. "తవిటమ్మ తల్లీ, ఊళ్ళన్నీ బాగున్నాయా?" ఆమె అసలు పేరు ఏదైనా సరే, అలాగే పిలుస్తారు. బాగున్నాయంటేనే డప్పు మోగుతుంది. ఆమె తల అడ్డంగా ఊపితే, ఎంతటి నాయుడైనా నోరెత్తకుండా ఇంటికి పోవలసిందే.